మోత లేని లాప్‌టాప్

భివండీలో సాంచాలకు శుక్రవారం సెలవు. మరమగ్గాన్ని అక్కడి తెలుగువాళ్ళు సాంచా అంటారు. వారమంతా టకటకలాడే ఊరు ఆ ఒక్కరోజు నోరు మూసుకుంటుంది. అందరూ ఆలస్యంగా లేచే ఆ రోజున శాంతి నగర్‌లోని సిద్ధిరాములు మాత్రం తెల్లవారకముందే లేచి కూర్చుంటాడు. ఆయన ఇల్లు మేడ మీద, కార్ఖానా కింద. మగ్గాల మోత సాగుతున్నంతసేపు గుర్రుపెట్టి నిద్రపోతాడు. మోత ఆగితే ఉలిక్కిపడతాడు. కరెంటు పోయిందా, బెల్టు తెగిందా, పనివాడు అలిగి వెళ్ళాడా అని గుండె దడదడలాడుతుంది. మోత ఉంటే మిషన్ నడుస్తున్నట్టు, లేకపోతే ఆగినట్టు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన నేర్చుకున్న యంత్రశాస్త్రం అంతే. దానితోనే ఇంతకాలం సంసారం ఈడ్చుకొచ్చాడు.

మగ్గాల మధ్య బతికినవాళ్ళకు ఇంకో అలవాటు కూడా ఉంటుంది. ఆ మోతలో గొంతు పనిచేయదు కాబట్టి పెదాలు సాగదీసి, ఒక్కో మాటనూ నమిలి వదిలినట్టు మాట్లాడతారు. సిద్ధిరాములు, ఆయన భార్య సుశీలాబాయి పెళ్ళయిన కొత్తలో చెప్పుకున్న ముచ్చట్లూ, ఆ తరవాత పడ్డ తగాదాలూ చాలావరకు ఈ పద్ధతిలోనే సాగాయి. సెలవు రోజున కూడా వాళ్ళ పెదాలకు సెలవు లేదు.

ఈ శుక్రవారం సిద్ధిరాములు పెట్టుకున్న పని ఒక్కటే. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త లాప్‌టాప్ ముందు కూర్చుని, ముంబై సోనాలి మేడమ్‌తో వీడియో కాల్‌లో మాట్లాడాలి. ఆమెది హోటళ్ళకు తువ్వాళ్ళు, నాప్‌కిన్లు సరఫరా చేసే వ్యాపారం. ఆమె ఆర్డరిస్తే మూలనున్న ఎనిమిది మగ్గాలు మళ్ళీ నడుస్తాయి. ఇవ్వకపోతే అవి పాత ఇనుముకింద పోతాయి. కబాడీవాడు ఇప్పటికే ఒకసారి వచ్చి, మగ్గాన్ని కర్రతో కొట్టి చూసి వెళ్ళాడు. అవి సిద్ధిరాములు తండ్రి ఊరి నుంచి వచ్చి, కడుపు కట్టుకుని కొన్న మగ్గాలు. వాడు కర్రతో కొట్టినప్పుడు సిద్ధిరాములుకు తన ముందే తండ్రి మీద ఎవరో చెయ్యి చేసుకున్నట్టు అనిపించింది. పక్క కార్ఖానా ఇప్పటికే పార్శిళ్ళ గోదాము అయింది.

అందుకని మేడమ్‌తో ఫోన్లో మాట్లాడినప్పుడు రెండు అబద్ధాలు ఆడాడు. మగ్గాలన్నీ కొత్తవన్నాడు. నేసిన మాల్ వారంలో ఇస్తానన్నాడు. వ్యాపారంలో ఆ మాత్రం అబద్ధం కూరలో ఉప్పులాంటిదని ఆయన ఉద్దేశం.

ఇక లాప్‌టాప్ సంగతి. ఇంట్లో పాతది ఒకటి ఉండేది. విండోస్‌ది, లావుపాటిది. మీట నొక్కి, పళ్ళు తోముకుని, చాయ్ తాగి వస్తే అప్పటికి కళ్ళు తెరిచేది. లోపలి ఫ్యాను పిండిమరలా మోగేది. ఆ మోత సిద్ధిరాములుకు ఎంతో నచ్చేది. అయితే కార్ఖానాలో ఎగిరే దూది నలుసంతా ఫ్యాను లాక్కుని మింగేది. ప్రతి శుక్రవారం మగ్గాలతోపాటు దాన్నీ బ్రష్షుతో దులిపేవాడు. కిందటి నెల సూరత్ సేఠ్ ఒకాయన తెర మీదికి వచ్చి బేరం మొదలుపెట్టగానే ఆ లాప్‌టాప్ అప్‌డేట్‌కు కూర్చుంది. తెర మీద ఒక చక్రం తిరుగుతూనే ఉండిపోయింది. సేఠ్ కాసేపు చూసి వేరే బేరం చూసుకున్నాడు. ఇందులో విండోస్ తప్పేమీ లేదు, తప్పంతా దూదిదే. కాని తిట్లు విండోస్‌కే పడ్డాయి.

ఆ సాయంత్రమే కూతురు నేహ పంచాయతీ పెట్టింది. కళ్యాణ్‌లో డిగ్రీ చదువుతున్న పిల్ల.

"బాపు, మనకు కావల్సింది మెయిలు, వీడియో కాల్, హిసాబ్. గంతే కదా. గంత పెద్ద మిషన్ ఎందుకు? విండోస్ లేనిది తీస్కుందాం. క్రోమ్‌బుక్ అని ఉంటది. హల్కా ఉంటది, మూత తియ్యంగనే షురువైతది. నేను చూసినదాంట్ల ఫ్యానే లేదు. దూది లోపలికి పోనీకి తొవ్వనే ఉండదు."

"ఫ్యాను లేకుంట మిషన్ ఏందిరా?"

"గదే దాని మంచితనం."

నిజాంపురాలోని దుకాణంలో దుకాణదారు మూడు రకాలు ముందు పెట్టాడు. మొదటిది విండోస్‌ది. రెండోదాని ధర వినగానే సిద్ధిరాములు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూడోది నేహ చెప్పినది. దాన్ని అరచేతిలో పెట్టుకుని బట్ట తాను బరువు చూసినట్టు చూశాడు. ఆయన వృత్తిలో తాను తేలిగ్గా ఉందంటే అర్థం ఒకటే, నేసినవాడు పోగులు మింగాడని.

"బరువే లేదు బిడ్డా. దీంట్ల పోగులు తక్కువ కొట్టిండ్రు."

"బాపు, ఇది బట్ట కాదు."

"చేతుల వట్టుకుంటె అన్ని బట్టనే."

చివరికి కూతురి మాటే నెగ్గింది. కాని సిద్ధిరాములు ఒక షరతు పెట్టాడు. తెర మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం తీయకూడదు. దాని మూలన దుకాణదారు అంటించిన పెద్ద స్టిక్కరూ తీయకూడదు. రేపు ఇది పనిచేయకపోతే వాపసు ఇవ్వడానికి కొత్త సరుకులాగే కనపడాలి. నేహ తల కొట్టుకుని ఒప్పుకుంది.

శుక్రవారం ఉదయం నేహకు కాలేజీలో పరీక్ష. వెళ్ళేముందు తండ్రి ఫోన్ కిటికీలో పెట్టి, దాని నుంచి లాప్‌టాప్‌కు నెట్ ఇచ్చి, కాల్ కలిపి, కెమెరా పెట్టింది. ఆ సమయానికి సుశీలాబాయి పల్లీల పచ్చడికి మిక్సీ వేసింది. ఆ మోత మేడమ్‌కు వినపడకూడదని నేహ మైకు ఆపేసింది. తరవాత స్నానాలగది తలుపు దగ్గర నిలబడి అన్నీ అప్పజెప్పింది.

"బాపు, ఫోన్ సప్పుడు బంద్ వెట్టిన, దాన్ని ముట్టకు. లాప్‌టాప్‌ల కాల్ షురూ చేసి పెట్టిన. మైకు బంద్ ఉన్నది. మేడమ్ వచ్చినంక కింద ఎర్ర గుర్తు ఉంటది, అది ఒత్తి మాట్లాడు. మూత మాత్రం మూయకు, మొత్తం బందైతది."

లోపల సిద్ధిరాములు నెత్తిన నీళ్ళు పోసుకుంటూ ప్రతి మాటకూ "ఆఁ" అన్నాడు. ఆయన చెవిన పడింది చివరి మాట ఒక్కటే. మూత మూయకూడదు.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చునేసరికి తెర నల్లగా ఉంది. మధ్యలో ఒక గుండ్రటి మచ్చ, అందులో ఒక ఇంగ్లీషు అక్షరం. అది సోనాలి మేడమ్ అని ఆయనకు తెలియదు. ఆమె అప్పటికే వచ్చి కూర్చుంది కాని తన కెమెరా ఇంకా పెట్టలేదు. సిద్ధిరాములు బొమ్మ తెర మూలన చిన్నగా కదులుతూనే ఉంది, సరిగ్గా దుకాణదారు స్టిక్కరు చాటున. మేడమ్ పిలుస్తూనే ఉంది. కాని రాత్రి నేహ అందులో ఏదో సీరియల్ చూస్తూ తండ్రి నిద్ర చెడగొట్టకూడదని వాల్యూమ్ అంతా తగ్గించి పెట్టింది.

సిద్ధిరాములు లాప్‌టాప్‌కు చెవి ఆనించాడు. అటు పక్కా ఆనించాడు. అరచేత్తో రెండు తట్టాడు.

"సుశీలా, ఇది సచ్చింది."

సుశీలాబాయి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "మొన్న కొన్నది ఇయ్యాల ఎట్ల సస్తది?"

"సప్పుడు లేదు."

"నేహ సప్పుడు ఉండదనే చెప్పింది కదా."

"సప్పుడు లేకుంట మిషన్ ఎట్ల నడుస్తదే?"

ఈ మాట సుశీలాబాయికీ సబబుగానే తోచింది. ఆమె కూడా మగ్గాల ఇంటి మనిషే.

సిద్ధిరాములు గూట్లోంచి పోగులు లెక్కపెట్టే భూతద్దం తెచ్చాడు. బట్టలో లోపం ఎక్కడున్నా దాని ముందు దాగదు. తెరను కింది నుంచి పైకి అంగుళం అంగుళంగా చూసుకుంటూ వచ్చి, పై అంచు దగ్గర ఆగాడు. అక్కడ మధ్యలో చిన్న నల్లటి చుక్క ఉంది. దాని మీద అద్దం పెట్టి, అద్దం మీద కన్ను పెట్టాడు.

"ఇగో, ఈడ బొక్క ఉన్నది. స్క్రూ ఊడబీక్కున్నరు. పాతదాంట్ల వేసుకుని ఉంటరు."

"మేడమ్ ఎదురుచూస్తుండొచ్చు. ఫోన్ జేసి చెప్పు."

"ఫోన్ ముట్టద్దన్నదిగ నేహ. అయినా ఏమని చెప్పాలె? వారంల మాల్ ఇస్తనన్న. నెల లేకుంట ఏడ అయితది? కారీగర్లు సగం మంది ఊరికి పోయిండ్రు."

"మరి వారం అని ఎందుకన్నవు?"

"అందరు గట్లనే అంటరు."

సుశీలాబాయి కుర్చీ జరుపుకుని ఆయన పక్కనే కూర్చుంది. "ఆమె ఫోన్ల మాట్లాడుతుంటె నాకు మన మిక్సీ యాదికొస్తది. ఆగనే ఆగదు."

"ఎట్లనన్న మాట్లాడనీ. ఆమె ఏ రేటన్నా నేను తల ఊపుత. సాంచాలు కబాడీకి పోవుడుకంటె నయమే కదా."

ఈ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం సరిగ్గా ఆ నల్లటి చుక్కకు ఎదురుగా ఉంది.

అంతలో ఆయనకు ఆలోచన వచ్చింది. కింద కార్ఖానాలో నూలు తూచే కాంటా ఉంది, స్క్రూలు విప్పే పేచ్‌కస్ కూడా ఉంది. దుకాణదారు ఇచ్చిన డబ్బా మీద రాసిన బరువుకూ అసలు బరువుకూ తేడా ఉంటే దొంగతనం తేలిపోతుంది. లాప్‌టాప్‌ను రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు. మూత మూయవద్దన్న కూతురి మాట గుర్తుంది కనుక తెరిచిన మూత తెరిచినట్టే, హారతి పళ్ళెంలా పట్టుకుని మెట్లు దిగాడు. సుశీలాబాయి ముందు నడిచి దీపాలు వేసింది.

కార్ఖానాలో మూలనున్న ఎనిమిది మగ్గాలూ కెమెరా ముందు ఒకదాని వెంట ఒకటి వరసగా సాగాయి. రంగు పోయిన ఇనుము, అరిగిన చెక్క, తాడుతో కట్టిన ఒక కాలు, దేవుడి పటం, ఆరబెట్టిన లుంగీ, ఏదీ దాగలేదు. సిద్ధిరాములు లాప్‌టాప్‌ను కాంటా మీద పెట్టాడు. రెండు నూలు కోన్ల బరువు కూడా తూగలేదు. డబ్బా మీద కూడా అంతే రాసి ఉంది. దాంతో ఆయనకు అనుమానం ఇంకా పెరిగింది. దొంగతనం కంపెనీలోనే జరిగిందన్నమాట.

పేచ్‌కస్ తీసుకుని పాత మగ్గం మీద చెయ్యి ఆనించి, లాప్‌టాప్‌కు ఎదురుగా నిలబడ్డాడు.

"ఆర్డర్ పాయె సుశీలా. బాపు పెట్టిన సాంచాలు ఇవి. ఒక్కొక్కటి తెస్తుంటె నేను ఎడ్లబండి ఎనక ఉరుక్కుంట వచ్చిన. ఇవి పోతె నా చెవులు పోయినట్టే."

"ఊకో. ఇంకో గిరాకీ దొర్కదా."

"నీ మొగడు వారం అని అబద్ధం ఆడి దొర్కిచ్చుకున్న గిరాకీ ఇది. మళ్ళ ఏడ దొర్కుతది."

ఆయన లాప్‌టాప్ మీదికి వంగి, పేచ్‌కస్ మొనను పైనున్న నల్లటి చుక్క దగ్గరికి తెచ్చాడు. అప్పుడే సుశీలాబాయి నడుమున దోపుకున్న ఫోన్ మోగింది. నేహ. పరీక్ష గది బయట నిలబడి తల్లితో గుసగుసగా మాట్లాడుతోంది.

"అవ్వా, బాపు చేతిల పేచ్‌కస్ ఉన్నదా?"

"నీకెట్ల తెలుసు?"

"కింద వెట్టుమను. మేడమ్ నాకు మెసేజ్ చేసింది. 'మీ నాన్నగారు మమ్మల్ని విప్పబోతున్నారు' అని రాసింది. బాపు ఫోన్‌కు ఎన్నిసార్లో చేసిందట."

సిద్ధిరాములు ఫోన్ లాక్కున్నాడు. విషయం పూర్తిగా అర్థమయ్యేసరికి ఆయన ముఖం నూలు రంగుకు వచ్చింది. లాప్‌టాప్ నడుస్తూనే ఉంది. చచ్చిందని తాను అనుకున్నప్పటి నుంచీ నడుస్తూనే ఉంది.

"అయితె మేము మాట్లాడినయన్ని ఇన్నరా బిడ్డా?"

"ఇనలే. పొద్దుగాల్నే చెప్పిన కదా, మైకు బంద్ ఉన్నదని. చూసిండ్రు గని ఒక్క ముక్క ఇనలే."

సిద్ధిరాములుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. నేహ చెప్పినట్టు ఒక మీట నొక్కి వాల్యూమ్ పెంచాడు. ఇంకోటి నొక్కితే ఎర్ర గుర్తు పోయింది. అటువైపు కూడా కెమెరా పెట్టారు. నల్లటి తెర పోయి సోనాలి మేడమ్ ప్రత్యక్షమైంది. పక్కన తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"నమస్తే సేఠ్. మీ కన్ను చాలా బాగా కనిపించింది" అంది మేడమ్ హిందీలో.

సిద్ధిరాములు చేతిలోని పేచ్‌కస్‌ను చొక్కా వెనక దాచుకుని చిరునవ్వు నవ్వాడు. ఒక్క మాటా వినలేదంటే ఇంకా ఏమీ చెడిపోలేదు. చూసినదానికి మాత్రం ఏదో ఒకటి చెప్పాలి.

"కొత్త మిషన్ మేడమ్, చెక్ చేస్తున్నాను. మాల్ ఏదైనా చెక్ చేయకుండా వాడను. వారంలో మీ బట్ట మీకు చేరుతుంది."

"మీ వెనకున్న మగ్గాలు మీవేనా? ఫోన్లో కొత్తవన్నారు."

సిద్ధిరాములు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నోరు పెగలదు. "ఇవా? ఇవి పక్కవాళ్ళవి మేడమ్. మావి కొత్తవి, వేరే షెడ్డులో ఉన్నాయి." అన్న మరుక్షణమే ఆయనకు సిగ్గేసింది. తండ్రిని ఎవరో అడిగితే ఈయనెవరో నాకు తెలియదన్నట్టు ఉంది. పక్కనున్న సుశీలాబాయి తల దించుకుంది.

"అలాగా" అంది సోనాలి మేడమ్. "మరి మీ బాపు ఆ మగ్గాలు తెచ్చి పక్కింట్లో పెట్టారా? ఎడ్లబండి వెనక మీరు పరిగెత్తింది పక్కింటివాళ్ళ కోసమా?"

సిద్ధిరాములు ఎర్ర గుర్తు కోసం తెరంతా వెతికాడు.

మేడమ్ పక్కనున్న పెద్దమనిషి భుజం తట్టింది. "ఈయన మా నర్సింగ్ మాస్టరు. మేం కొనే ప్రతి తానూ ఈయనే చూస్తారు. పుట్టింది మీ నిజాంపురాలోనే, మీ తెలుగువాళ్ళే. చిన్నప్పటి నుంచి మగ్గాల మధ్య పనిచేసి చెవులు పోయాయి. కాని పెదాలు చూసి మాట చదువుతారు. ఇందాకటి నుంచి మీరు మాట్లాడిందంతా నాకు హిందీలో చెప్పుకుంటూ వచ్చారు. మీ పెదాలు చాలా స్పష్టంగా కదులుతాయట, చదవడం హాయిగా ఉందన్నారు."

నర్సింగ్ మాస్టరు తెరలోంచి రెండు చేతులూ జోడించాడు.

"నా గొంతు వింటే మిక్సీ గుర్తొస్తుందని కూడా చెప్పారు" అంది మేడమ్. "మా ఇంట్లో కూడా అదే అంటారు."

సుశీలాబాయి మెల్లగా మగ్గం వెనక్కి జరిగింది. సిద్ధిరాములుకు ఆ దారి కూడా లేదు. పేచ్‌కస్ కాంటా మీద పెట్టి, దోషిలా నిలబడ్డాడు.

"తప్పయింది మేడమ్. మగ్గాలు పాతవి, మావే. వారంలో కాదు. ఇక మీ ఇష్టం."

"సేఠ్, నేను ఊరంతా వెతుకుతున్నదే ఈ పాత మగ్గాల కోసం. పోగు మోసే నాడె అటూ ఇటూ తిరిగే మగ్గంలో బట్ట అంచు దానంతటదే మూసుకుపోతుంది. కొత్తవాటిలో అంచు కత్తిరిస్తారు, నాలుగు ఉతుకులకు పోగులు ఊడి వేలాడతాయి, హోటలువాళ్ళు నా మొహాన కొడతారు. మీవన్నీ కొత్తవని మీరనగానే వద్దందామనే అనుకున్నాను. మర్యాద కోసం ఈ కాల్‌కు వచ్చాను. ఇక వారం సంగతి. కిందటిసారి ఒకాయన వారమని, నాలుగు నెలలు తిప్పాడు. మీరు నెలని మీ ఆవిడతో చెప్పారు కాబట్టి అది నిజమే అయ్యుంటుంది. నెల అనుకుందాం."

సిద్ధిరాములు మగ్గం కట్టెను గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. తను ఆడిన అబద్ధాలు రెండూ తన పని చెడగొట్టడానికే పుట్టాయని అప్పుడు తెలిసింది. ఇంతలోనే మూడో సంగతి గుర్తొచ్చి ఆ కన్నీళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఏ రేటన్నా తల ఊపుతానని కూడా తను అన్నాడు, ఆ చుక్కకు ఎదురుగా నిలబెట్టిన ముఖంతోనే అన్నాడు.

"ఇక రేటు చెప్పండి" అంటూ సోనాలి మేడమ్ ఏదో చూసుకోవడానికి తన ఫోన్ మీదికి వంగింది.

ఆ క్షణంలో నర్సింగ్ మాస్టరు సిద్ధిరాములు వైపు సూటిగా చూశాడు. గొంతులోంచి చిన్న శబ్దం కూడా రానీయకుండా, మగ్గాల మోతలో మాట్లాడినట్టు, పెదాలు సాగదీసి ఒక్కో మాటా నమిలి వదిలాడు.

"గా ఒక్క ముచ్చట మేడమ్‌కు నేను చెప్పలే తమ్మీ. రేటు గట్టిగ అడుగు."

మగ్గం వెనక నుంచి సుశీలాబాయి కూడా ఆ మాట చదివింది, మొగుడి వీపులో వేలితో పొడిచింది. సిద్ధిరాములు గొంతు సవరించుకుని గట్టిగానే అడిగాడు. మేడమ్ కాసేపు మిక్సీలా మాట్లాడి, చివరికి సరేనంది. కబాడీవాడు మళ్ళీ వచ్చేసరికి ఎనిమిది మగ్గాలూ అంత మోతలో ఉన్నాయి గనక, వాడు ఏమడిగాడో ఎవరికీ వినపడలేదు.

తెర మీది ప్లాస్టిక్ కాగితం, మూలనున్న స్టిక్కరు ఆ సాయంత్రమే పోయాయి. సిద్ధిరాములు మాత్రం అప్పటి నుంచి మామూలు ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంటున్నాడు.